చెవి మిషన్‌కు ఎన్ని పేర్లు

మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఆ స్టాండులోని డ్రైవర్లందరికీ ఒక ఫోన్ గ్రూపు ఉంది. ప్రయాణికులు కార్లలో మరిచిపోయిన వస్తువుల సంగతి అందులోనే పెట్టేవారు. గుడ్ మార్నింగ్ పువ్వుల కింద, పండగ శుభాకాంక్షల కింద ఆ కబుర్లు కాసేపట్లోనే కూరుకుపోయేవి. రాజేంద్రనగర్‌లో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తూ నేను వెబ్‌పేజీలు రాసే కంప్యూటర్ భాష పీహెచ్‌పీ నేర్చుకున్నాను. ఆ ధైర్యంతోనే దీనికోసం ఒక చిన్న వెబ్‌పేజీ చేస్తానన్నాను. వస్తువు దొరికిన డ్రైవరు నాలుగు ముక్కలు రాస్తాడు, పోగొట్టుకున్నవాళ్లు వెతుక్కుంటారు. అంతే.

"గ్రూపు ఉండంగ ఇగ ఇదెందుకు వదినా? ఎవరు చూస్తరు?" అన్నారు కొందరు. అయినా చేశాను. మెల్లగా రాయడం మొదలుపెట్టారు.

ఒక ఆదివారం పొద్దున టిఫిన్ ఇవ్వడానికి స్టాండుకి వెళ్తే, బెంచీ మీద ఒక పెద్దావిడ, ఆమె భర్త కూర్చుని ఉన్నారు. పహాడీ షరీఫ్ నుంచి ఆటోలో వచ్చారట. కూతురి దగ్గర్నుంచి విమానంలో వచ్చి, స్టాండులో ముందున్న కారెక్కి ఇంటికి వెళ్లారు. దారిలో ఆయన చెవి మిషన్ తీసి డబ్బాలో పెట్టాడు. ఆ డబ్బా కార్లోనే ఉండిపోయింది. కారు నంబరు ఇద్దరూ చూసుకోలేదు.

"కాన్‌కీ మిషన్, బేటీ. అది లేకుంటే ఈయనకు ఏం వినబడదు. అరిచి అరిచి నేను పరేషాన్ అయితున్న. మా ఇంట్ల లడాయి అయితుందని గల్లీ అంతా అనుకుంటున్నరు," అంది ఆమె. ఆయన మాత్రం ఎవరేం మాట్లాడినా తల ఊపుతూ నవ్వుతున్నాడు.

ఫోన్‌లో నా పేజీ తెరిచి 'కాన్‌కీ మిషన్' అని కొట్టాను. ఏమీ రాలేదు. 'చెవి మిషన్' అని కొట్టినా, 'హియరింగ్' అని కొట్టినా అంతే.

"నసీబ్ల లేదేమో," అంటూ ఆమె లేచింది.

"మీ ఫోన్ నంబరు ఇచ్చి పొండమ్మా. నేను జర చూస్త," అన్నాను.

సాయంత్రం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే, డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నవ్వాడు. "మొదటికెళ్లి అన్నీ సదివితే అయిపాయె గదా."

"ఇయాల నేను సదువుత. రేపు ఇంకొకరొస్తే ఎవరు సదువుతరు?"

పంతమొచ్చింది నాకు. వస్తువులు వెతికిపెడతానని చెప్పి, వెతకలేని పేజీ చేసి పెడితే ఎట్లా?

అప్పటిదాకా నా ప్రోగ్రాం మనం కొట్టిన మాటనే ఉన్నదున్నట్టు వెతికేది. ఒక్క వస్తువుకు మా డ్రైవర్లు పెట్టే పేర్లు మాత్రం ఎన్నో. అందుకని ఆ పేర్లన్నీ వరుసగా ఇచ్చి, వాటిలో ఏ ఒక్కటి ఎక్కడ కనబడినా ఆ పోస్టు చూపించమన్నాను. కొందరు మిషన్ అంటారు, కొందరు మిషను అంటారు. చివరి గుర్తు తీసేసి 'చెవి మిషన' అని ఇస్తే రెండూ దొరుకుతాయి. దేన్నీ వదలకూడదని 'చెవి' ఒక్కటీ, 'కాన్' ఒక్కటీ కూడా చేర్చాను.

నడిపిస్తే తాళంచెవులు వచ్చాయి! మా డ్రైవర్లకు దొరికిన ప్రతి తాళంచెవీ వచ్చి కూర్చుంది. వాటి వెనక గొడుగు, టిఫిన్ డబ్బా, ఒంటి చెప్పు. ఇవెందుకు వచ్చాయని చదివితే, చాయ్ దుకాన్ ముందు దిగిండ్రు, మెడికల్ దుకాన్ కాడ ఎక్కిండ్రు అని ఉంది. దుకాన్‌లో కాన్ ఉంది మరి. అర్థంతో దానికేం పని, అక్షరాలు కలిస్తే పట్టుకొస్తుంది. నవ్వుకుంటూనే ఆ రెండు పొట్టి మాటలూ తీసేశాను. 'చెవి మిషన', 'కాన్‌కీ', 'వినే మిషన', 'హియరింగ్' ఉంచాను.

ఈసారి ఒక్కటీ రాలేదు.

నిజంగానే లేదా, లేక నా ప్రోగ్రాంకే కనబడటం లేదా? ఉందని నాకు కచ్చితంగా తెలిసినదాన్ని వెతికి చూద్దామనుకున్నాను. మా ఆయన అంతకుముందు 'కళ్లజోడు దొరికింది, వెనక సీట్ల' అని రాసి ఉన్నాడు. 'కళ్లజోడు' అని కొడితే వేరేవాళ్లు రాసినవి వచ్చాయి, ఆయనది రాలేదు. వచ్చినవాటినీ రానిదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. వచ్చినవాటిలో ఆ మాట ఎక్కడో మధ్యలో ఉంది. మా ఆయన మాత్రం దానితోనే మొదలుపెట్టాడు.

అప్పుడు తట్టింది. నేను వాడిన ఫంక్షన్, అంటే వెతికే ఆదేశం, మాట దొరికితే అది ఎన్నో అక్షరం దగ్గర మొదలైందో చెబుతుంది. ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మాట మొట్టమొదటే ఉంటే జవాబు సున్నా. నేను రాసిన షరతు ఆ సున్నాను 'లేదు' అని తీసుకుంటోంది. ఉందా లేదా అని సూటిగా చెప్పే ఫంక్షన్ కొత్త పీహెచ్‌పీలో ఉందట గానీ, మా సర్వరు పాతది. సున్నా వేరు, లేకపోవడం వేరు అని తేల్చి అడిగేలా షరతు మార్చి, మళ్లీ నడిపించాను.

'చెవి మిషను దొరికింది. చిన్న నీలం డబ్బా.'

గట్టిగానే అరిచినట్టున్నాను, మా ఆయన వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. రాసింది అత్తాపూర్‌లో ఉండే డ్రైవరు. వెంటనే ఫోన్ చేశాను.

"నా కార్లనే ఉంది వదినా. ఎవరన్నా అడుగుతరని చూస్తున్న. మీ పేజీల రాసిన గదా!"

"రాసినవ్ అన్నా. నా పేజీనే చూపియ్యలే."

పెద్దావిడకూ ఫోన్ చేసి చెప్పాను. మరునాడు సాయంత్రం ఆ భార్యాభర్తలిద్దరూ మళ్లీ స్టాండుకి వచ్చారు. డ్రైవరు డబ్బా చేతికిచ్చాడు. పెద్దాయన మిషన్ చెవిలో పెట్టుకున్నాడు. వినబడుతుందా అని ఆమె అలవాటు కొద్దీ గొంతు చించుకుని అడిగింది. ఆయన చటుక్కున చెవి మూసుకున్నాడు.

"ఆహిస్తా బోల్. కాయ్‌కూ చిల్లారీ?"

మెల్లగా మాట్లాడు, ఎందుకు అరుస్తున్నావని. స్టాండంతా నవ్వింది. ఆమె నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ పేజీ ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారాలు స్టాండుకి వెళ్లి, దీన్నేమంటరన్నా, దాన్నేమంటరన్నా అని అడిగి కొత్త పేర్లు చేరుస్తుంటాను. వస్తువు దొరకలేదని ఎవరైనా వెళ్లిపోబోతే కూర్చోబెట్టి, ఏ మాటతో వెతికారని అడుగుతాను.