ఆయిల్ ఎంతుందో అంతే

మా కింది వాటాలో ఉండే ఆవిడకూ కుదురు అన్న మాటకూ ఏ చుట్టరికమూ లేదు. అందుకే మేమంతా ఆవిణ్ణి కుదురక్క అంటాం. ఆవిడ పలుకుతుంది కూడా, కాకపోతే పలికేలోపు రెండు గదులు చుట్టి వస్తుంది. యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లు మిషను తొక్కిన మనిషి. అన్నానికి కూర్చున్నా బల్ల కింద పాదం ఆడుతూనే ఉంటుంది. "మా కోడలు నిద్రలో కూడా రెండు చొక్కాలు కుట్టి లేస్తుంది" అంటారు వాళ్లత్తగారు. మొగుడు ఆవిడకు పూర్తి విరుద్ధం. లిఫ్టులు బాగుచేస్తాడు, గ్లాసుడు టీ తాగడానికి అరగంట పడుతుంది. మీ ఇద్దరికీ ఎలా కుదిరిందే అని అడిగితే, "ఆయన ఒకచోట ఉంటాడు కాబట్టే నేను తిరిగి తిరిగి ఎక్కడికి రావాలో తెలుస్తుంది టీచరుగారూ" అంది. ముప్పై నాలుగేళ్లు తెలుగు చెప్పాను. ఇంత మంచి వాక్యం నాకు ఏ పిల్లా పరీక్షలో రాయలేదు.

నాలుగు నెలల క్రితం ఆవిడ కారు నేర్చుకుంది. సరదాకి కాదు. నల్లగుడ్డ మీద నల్లదారం కనబడడం మానేసింది. కళ్లజోడు రెండుసార్లు మార్చినా కుట్టు వంకర పోతోంది. పైగా వర్క్‌షాపులో మిషన్లు తగ్గిస్తున్నారు. సరిగ్గా అప్పుడే, ఇళ్లలో కుట్టే ఆడవాళ్లకు గుడ్డ చేరవేయడానికి వాళ్లొక చిన్న వ్యాను కొన్నారు. లైసెన్సు ఉండి, తన ఎదుట సరిగ్గా నడిపి చూపించినవాళ్లకే తాళం ఇస్తానన్నాడు సూపర్‌వైజరు. పరీక్ష గురువారం ఉదయం తొమ్మిదింటికి. అసలు లైసెన్సు కార్డు చేతిలో ఉండాలి, జిరాక్సు చెల్లదు. పోటీకి ఇంకో ఇద్దరున్నారు. ఆ వ్యాను దక్కకపోతే నెలాఖరుకి ఆవిడకు మిషనూ లేదు, పనీ లేదు.

డ్రైవింగు స్కూలు వదిలాక ఆవిడ స్టీరింగు ముట్టుకున్నది లేదు. అందుకని బుధవారం ఒక్కరోజుకి కారు అద్దెకు తీసుకుంది, చెయ్యి అలవాటు చేసుకోవడానికి. పక్కన ఒకరుంటే ధైర్యం, మీరు రండి అంది. నాకు డ్రైవింగు రాదు గానీ పక్కన కూర్చుని మాట్లాడడం బ్రహ్మాండంగా వచ్చు. వెళ్లాను.

అద్దె కార్ల షాపాయన ఆవిడ లైసెన్సు తీసి సొరుగులో పడేశాడు.

"బండి అప్పజెప్పి కార్డు తీసుకెళ్లండి. ఐదింటికి షట్టరు దించేస్తాను. రేపు మాకు సెలవు."

"రేపు తొమ్మిదింటికి నాకా కార్డు కావాలండీ" అంది కుదురక్క.

"అయితే ఐదులోపు రండమ్మా. ఇంకోమాట. ఆయిల్ ఎంతుందో అంతే ఉండాలి. తగ్గితే బండి తీసుకోను, కార్డివ్వను."

అలా అంటూనే బానెట్ ఎత్తి, ఇంజన్లో నుంచి ఒక సన్నటి కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, ముంచి, నూనె ఎంతవరకు అంటిందో చూపించాడు. ఈలోగా ఎవరో ఫోన్ చేశారు. ఫోన్లో మాట్లాడుతూనే స్టెప్నీ చూపించాడు, లోపలి మీటర్ని ఫొటో తీసుకున్నాడు, తాళం చేతిలో పెట్టాడు.

మలుపు తిరగ్గానే కుదురక్క అడిగింది. "టీచరుగారూ, ఆయిల్ అంటే ఏంటంటారు? పెట్రోలా?"

"పెట్రోలైతే పెట్రోలనే అంటాడుగా. ఆయిల్ అంటే నూనె. కడ్డీ తీసి చూపించాడు కూడాను" అన్నాను. పాఠం చెప్పినంత ధీమాగా అన్నాను.

"మరి పెట్రోలో?"

"అద్దెలో కలిసే ఉంటుంది."

"మీరన్నారంటే అంతేలెండి."

ఇంక చూడండి ఆ రోజు. గోదాముల వెనక ఖాళీ స్థలంలో చుట్లు కొట్టాం, ఇరుకు సందుల్లో తిరిగాం, స్కూలు వదిలే వేళ ఆ జనంలో కూడా వెళ్లొచ్చాం. ప్రతి గంటకీ బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, కడ్డీ లాగి చూడడమే. కడ్డీ తుడిచీ తుడిచీ నా చేతిరుమాలు మసిగుడ్డయింది. "తగ్గలేదు టీచరుగారూ. చుక్క కూడా తాగలేదు" అని మురిసిపోయేది. మళ్లీ పది నిమిషాలకే, "ఇందాక సరిగ్గా చూశానంటారా?" అనేది. మనిషి కాలుకాలిన పిల్లే అనుకోండి. పెట్రోలు ముల్లు మూడో గీత దగ్గర్నుంచి రెండో గీత దాకా జారడం ఇద్దరమూ చూశాం. మనది కాదుగదా అని ఊరుకున్నాం.

నాలుగుంబావుకి షాపు చేరాం. ఆయన లోపలికి తొంగి చూసి, "ఆయిల్ ఏదమ్మా?" అన్నాడు.

కుదురక్క ఠీవిగా బానెట్ ఎత్తి కడ్డీ తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. "ఇదిగోండి. పొద్దున ఎంతో ఇప్పుడూ అంతే."

ఆయన కడ్డీని చూశాడు, ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు. "ఇది ఇంజనాయిలమ్మా. నేనన్నది పెట్రోలు. బండ్లు నడిపేవాళ్లు ఆయిల్ కొట్టించు అంటే పెట్రోలు కొట్టించమనే."

"పెట్రోలుకి పెట్రోలని మాటుంది కదా నాయనా" అన్నాను నేను.

"ఉందండీ. నోటికి రాదు."

నాకు తల కొట్టేసినట్టయింది. కుదురక్క అప్పటికే బండి తిప్పేసింది.

బంకు దగ్గర మా ముందు ఐదు బండ్లు. ఆవిడ దిగి వరస మొదటిదాకా వెళ్లి చూసి వచ్చింది, మళ్లీ దిగింది, ముందువాడి అద్దం కొట్టి "కాస్త జరపండి బాబూ" అంది, వాడెక్కడికి జరుపుతాడు. మా వంతు వచ్చేసరికి నాలుగూ ముప్పై ఐదు. పైపు పట్టుకున్న అమ్మాయి మూత తియ్యమంది. మూత ఎలా తీస్తారో మాకిద్దరికీ తెలీదు. డ్రైవింగు స్కూల్లో ఆ పని ఎప్పుడూ మాస్టారిదేనట. ఆవిడ చేతికందిన మీట లాగితే బానెట్ లేచింది. ఇంకోటి లాగితే డిక్కీ లేచింది.

"కారు మొత్తం విప్పుతారా అక్కా? సీటు పక్కన, కింద చూడండి" అంది బంకమ్మాయి.

మూత తెరుచుకుంది. "ఎంత కొట్టమంటారు?"

"మూడో గీత దాకా."

"గీతలు మా దగ్గరుండవు. లీటర్లుంటాయి."

వెనక హారన్లు మోగుతున్నాయి. నాకైతే చెమటలు పట్టాయి. కుదురక్క మాత్రం ఎదుట గుడ్డ పరిచి కొలుస్తున్నట్టు మొహం పెట్టింది. "ట్యాంకు ఎంతది?"

"ఈ బండికి ముప్పై ఐదు."

"నాలుగు గీతలు. గీతకి తొమ్మిది లోపు. కుట్టులోకి పోయేది ఒకటి వేసుకుంటే పది. పది పొయ్యమ్మా."

బంకమ్మాయికి కుట్టు సంగతి అర్థం కాలేదు, పది మాత్రం అర్థమైంది. పోసింది.

ఇంజను వేస్తే ముల్లు కదల్లేదు. రెండో గీత దగ్గరే పడుకుంది.

"పోశావా లేదా?" అంది కుదురక్క.

"నిదానంగా లేస్తుందక్కా. ముందు మీరు లేవండి, అవతల క్యూ ఉంది."

దారంతా ఆవిడ కళ్లు ముల్లు మీదే. "నువ్వు రోడ్డు చూడు, ముల్లు నేను చూస్తాను" అన్నాను. "లేచిందా?" "కొంచెం." "ఎంత కొంచెం?" "గోరంత." "మీ గోరా, నా గోరా?" సిగ్నల్ పడింది. ఆ ఎర్రదీపం ముందు మేము గడిపిన నిమిషంన్నరలో నేను మూడుసార్లు పదవీ విరమణ చేసి ఉంటాను.

నాలుగూ యాభై ఆరుకి చేరాం. షాపాయన షట్టరు కొక్కెం చేతిలో పట్టుకుని బయటే నిలబడి ఉన్నాడు. వంగి మీటరు చూశాడు. ముల్లు రెండుకీ మూడుకీ మధ్య ఊగుతోంది.

"తక్కువుందమ్మా."

"పది లీటర్లు పోయించాను. రసీదు ఇదిగో."

"రసీదు నాకెందుకు. ముల్లు అక్కడికి రావాలి. బండి ఎల్లుండి పొద్దున్నే మావాడు నేరుగా గిరాకీకి పంపిస్తాడు, మాట నాకొస్తుంది."

"ఆగండి" అంది కుదురక్క.

నేను ఆవిణ్ణి ఎరిగిన ఇన్నేళ్లలో ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదలు. ఇంజను నడుస్తూనే ఉంది. ఆవిడ సీట్లో వెనక్కి జారగిలబడి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ముల్లునే చూస్తూ కూర్చుంది. పాదాలు రెండూ నేల మీద ఉన్నాయి, కదలకుండా. ముల్లు కొంచెం లేచి ఆగింది. మళ్లీ లేచింది. మూడో గీతని తాకి, వెంట్రుకవాసి దాటి నిలబడింది. ఆయన ఫోన్లో పొద్దుటి ఫొటో తీసి పక్కన పెట్టి చూసుకుని, లోపలికి వెళ్లి సొరుగు లాగాడు.

కార్డు చేతికందగానే ఆవిడ దాన్ని పర్సులో పెట్టింది, తీసి చూసింది, మళ్లీ పెట్టింది. బస్సు వచ్చేలోపు ఇంకో నాలుగుసార్లు తీసింది.

మర్నాడు తొమ్మిదింటి పరీక్షకి ఏడింటికే వెళ్లి గేటు ముందు నిలబడిందట. పోటీవాళ్లలో ఒకడు గేటు స్తంభాన్ని రాసుకుంటూ పోయాడు. రెండోవాడు బాగా నడిపేవాడేనట గానీ లైసెన్సు జిరాక్సు తెచ్చాడు. అసలుది తెస్తాను, గంట టైమివ్వండి అన్నాడట. సూపర్‌వైజరు ఇవ్వలేదు. ఈవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి ఎక్కమన్నాడు. రెండు చుట్లు అయ్యాక "చాలమ్మా, ఆపు" అన్నాడట. తప్పాననుకుని, "ఇంకొక్క చుట్టండీ" అంటూ ఆపకుండా మూడోది కొట్టేసిందట ఈ మహాతల్లి. ఆయన దిగి తాళం ఇచ్చి, "రేపట్నుంచి ఆపమన్నప్పుడు ఆపాలి" అన్నాడట.

ఇదంతా సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, ఒక కాలు మెట్టు మీద పెట్టి చెప్పింది. కూర్చోవే, కాఫీ కలుపుతాను అంటే, "ఎక్కడండీ, రేపు పదకొండు ఇళ్లు తిరగాలి, దారి చూసుకోవాలి" అంటూ దిగిపోయింది. పాలు అప్పటికే పొంగాయి. రెండు గ్లాసులూ నేనే తాగాను.