అడిగినవాళ్లకు కుర్చీ

మా అయ్యగారు పోయారు. ఉదయగిరి చర్చిలో గురువారం సాయంత్రాలు మాకు బైబిలు పాఠం చెప్పిన పాస్టరుగారు. ఆత్మకూరులో ఇంట్లోనే, క్యాన్సరుతో. కబురు వాట్సాప్‌లో వచ్చింది. ఆ పోస్టరులో ఆయన ఫొటో కంటే సమాధి కూటానికి పిలిచిన ప్రసంగీకుడి ఫొటో పెద్దది. ఒళ్లు మండడం అక్కడే మొదలైంది.

పాతకాలపు క్రైస్తవ గురువులంతా అయ్యగారికి ఇరుగుపొరుగువాళ్లే. "ఆ ఆఫ్రికా బిషప్పు ఉండాడే, దేవుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకోని వరసబెట్టి అడిగినాడురా" అనేవారు. జైల్లో చావు కోసం కాచుకుంటూ ఆనందమంటే ఏమిటో రాసుకున్న పెద్దమనిషినీ, ముందు నమ్మి ఆ నమ్మకాన్నే జన్మంతా తరచి చూసుకున్న సన్యాసినీ టీ తాగుతూ మాకు పరిచయం చేశారు. "ఇల్లడుగు, ఉద్యోగమడుగు, తప్పు లేదు. అయితే ఇంకొకడు గుంజుకోని పోగలిగింది ఆనందం కాదురా."

అన్నిచోట్లా, దేవుడు తమకు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పిస్తారు. ఈయన సందేహాలు చెప్పించేవారు. ఎవరు లేచి అడిగినా, తన కుర్చీ వాళ్లకిచ్చి, మోకాళ్ల నొప్పులతో తాను నిలబడి జవాబు చెప్పేవారు. తెలియకపోతే తెలియదనేవారు. "సందేహం మోసుకోని వచ్చినోడు అలిసిపోయుంటాడు. ముందు కూర్చోబెట్టాల" అనేవారు.

సమాధి కూటంలో, అలాంటి మనిషి శవపెట్టె ముందు నిలబడి ఆ ప్రసంగీకుడు ఏమన్నాడో తెలుసా? "ప్రశ్నలు ఎక్కువైతే విశ్వాసం తగ్గిపోద్ది. నిజమైన విశ్వాసం ఉంటే ఈ జబ్బు నిలిచేదా?" అన్నాడు. సిగ్గులేకుండా కొందరు ఆమెన్ అన్నారు కూడా. అయ్యగారి చేతి టీ తాగిన నోళ్లే అవి. ఆ ఆమెన్ నాకు ఇప్పటికీ చెవుల్లో మండుతూనే ఉంది.

తర్వాత సాక్ష్యాలు చెప్పమన్నాడు. అయ్యగారి భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, కింద చాప మీద నుంచి మెల్లగా లేచారు.

"సాక్ష్యం కాదయ్యా. నాకొక సందేహం ఉండాది. సిలువ మీద యేసయ్య కూడా నన్నెందుకు వదిలేసినావని దేవుణ్ణి అడిగినాడు గదా. ఆయనకీ విశ్వాసం చాల్లేదా?"

ప్రసంగీకుడు మైకు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. నేను వేదిక ఎక్కి, ఆయన వెనకున్న మెత్తటి కుర్చీని ఎత్తుకొచ్చి పెట్టె పక్కన వేశాను. అమ్మగారు కూర్చున్నారు. ఒక చెయ్యి పెట్టె మీద ఉంచి, జవాబు కోసం ఆయన వైపే చూస్తూ ఉన్నారు.

ఆయన నిలబడే ఉన్నాడు.