పాతరోళ్ళ అటక మీది విత్తనాలు

మా చిన్నప్పుడు... కొల్లేరు పొంగి వాకిట్లోకి వచ్చేసిందంటే పిల్లలకి పండగే. అరుగు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళాడించేవాళ్ళం. పెద్దవాళ్ళు మాత్రం సామాన్లు పైకెక్కిస్తూ, అడ్డమొచ్చిన ప్రతివాళ్ళనీ తిట్టేవారు.

నాకిప్పుడు తొంభై దాటాయి లెండి. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోనులో కొడుతోంది. అక్షరం తప్పయితే దాన్ని అనండి, నన్ను కాదు.

మాది కొల్లేటి ఒడ్డున, మట్టి పోసి ఎత్తు చేసుకున్న దిబ్బ మీద తాటాకిల్లు. మా ముత్తాతగారు తాడేపల్లిగూడెం పైనున్న మెట్ట ఊరు వదిలి, ఎడ్లబండి కట్టుకుని వచ్చి, ఇక్కడి తుంగ నరికి పొలం చేసుకున్నారట. మెట్ట దాటారు గానీ మెట్ట అలవాట్లు వదల్లేదు. మొదటి పంట చేతికి రాగానే, వాళ్ళ ఊళ్ళో చేసినట్టే నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టి కప్పేశారు. దాన్నే పాతర అంటారు. మెట్టలో అయితే గింజ చెక్కుచెదరదు. కొల్లేట్లో జానెడు తవ్వితే నీళ్ళు ఊరతాయని ఆయనకెవరు చెప్పారు? తెరిచేసరికి ధాన్యమంతా తెల్లగా మొలకలెత్తి, ఒకటే ముక్కిపోయిన వాసనట! ఆ ఏడాదంతా చేపలూ తామర దుంపలూ తిని గడిపారు.

అంతే... మాకు అసలు ఇంటిపేరు ఒకటుందని ఊరు మర్చిపోయింది. "పాతరోళ్ళు" అయిపోయాం. మా నాన్న పెళ్ళిలో కూడా అదే పిలుపట.

మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, ఆ పాతర ఏడే కొత్తకోడలిగా వచ్చింది. ఆ వాసన ఆవిడ ముక్కులోంచి పోలేదు కాబోలు... ఏ కాలమైనా విత్తనాల మూటలు అటక మీదే. ఆ అటక ఆవిడ రాజ్యం. పిల్లి ఎక్కినా ఊరుకునేది కాదు.

నేను బడిలో చేరిన కొత్తల్లో, ఒక కార్తీకంలో, తమ్మిలేరు పొంగింది. కొల్లేరు ఎన్నడూ లేనంత పైకొచ్చి ఊరి గట్టు తెగింది. వానాకాలపు సార్వా పంట మునిగిపోయింది. ఇక నీళ్ళు తీశాక దాళ్వా, అదే వేసవి పంట, వేసుకుంటే గాని తిండి లేదు. తీరా చూస్తే నేల మీది గాదెల్లోకి నీళ్ళు దూరి, అందరి విత్తనాలూ మొలకలెత్తాయి. పొడిగా మిగిలినవి పాతరోళ్ళ అటక మీదివే!

మా పక్క దిబ్బ మీద యేసుపాదం బాబాయి వాళ్ళ ఇల్లు. ఆయన కూతురు రూతు నా ఈడుది... నా ప్రాణం. ఒక పొద్దున్న చూద్దును కదా, వాళ్ళ తాటిదోనెలోకి కుండలు, చాపలు, కోళ్ళగంప ఎక్కుతున్నాయి. "మేం వెళ్ళిపోతున్నామే, మళ్ళీ రాం" అని అక్కణ్ణుంచే అరిచింది రూతు. ఏడుస్తూ మామ్మ దగ్గరికి పరిగెత్తాను.

మామ్మ అరుగు మీదకొచ్చి కేకేసింది.

"ఏవయ్యా యేసుపాదం, ఎక్కడికీ ప్రయాణం?"

"భీమడోలండీ... మా బావమరిది దగ్గరికండి. కూలో నాలో చేసుకుంటామండి. ఇక్కడ చల్లడానికి గింజ లేదు కదండీ."

"నన్నడిగావా?"

బాబాయి తల దించుకున్నాడు. "పాతరోళ్ళని ఎగతాళి చేసినోళ్ళలో నేనే ముందు కదండీ. ఏ మొహం పెట్టుకుని అడగనండి?"

మా అమ్మ లోపల్నించి మెల్లిగా, "అత్తయ్యగారూ, వాళ్ళకిస్తే అందరూ వస్తారండీ. మనకి చాలొద్దూ?" అంది. అమ్మ తప్పూ లేదు. ఇంటినిండా పిల్లలం.

"చాలకపోతే సగం చేనే ఊడుస్తాం. మనదొక్కటే పండితే కొల్లేటి బాతులన్నీ మన చేలోనే దిగుతాయి, కంకి మిగులుద్దా? వీళ్ళంతా పోతే ఆ గట్టెవరు కడతారే? నువ్వూ నేనూ కడదామంటే, తట్ట పట్టుకో పద!"

అమ్మే వెళ్ళి నిచ్చెన తెచ్చి వేసింది. మామ్మ పైనుంచి మూట అందిస్తే అమ్మ దింపింది. బాబాయి దోనెని మా అరుగు దాకా తెచ్చి, ఆ మూట రూతు ఒళ్ళో పెట్టి, తిరిగి వాళ్ళింటికే తోసుకెళ్ళాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు.

ఆ ఏడు మా చేను సగం బీడే. గంజిలో మెతుకులు వెతుక్కున్న రోజులు గుర్తున్నాయి. కానీ ఒక్క ఇల్లూ ఖాళీ కాలేదు. గట్టు ఊరంతా కలిసి కట్టారు. నాకు రూతు మిగిలింది.

ఇప్పుడా చేలన్నీ చేపల చెరువులు. ఎవరి గట్టు వాళ్ళది, గట్టుకో కాపలా కుక్క. తినే బియ్యం ఉంగుటూరు నుంచి సంచుల్లో వస్తోంది. మా దిబ్బ ఎక్కడుండేదో చూపిద్దామన్నా ఆనవాలు లేదు.

మీ చేలో పొరుగింటి విత్తనం మొలిచిన ఏడు ఒకటుంటే చెప్పండి... కూర్చుని వింటాను. కిందటేడు దాకా ఈ కబుర్లన్నీ ఫోనులో రూతుతోనే చెప్పుకునేదాన్ని. ఇప్పుడు మీకు చెబుతున్నాను.