కారు పైకప్పుకు తలంటు

మా నాన్న తలకు కొబ్బరినూనె రాసుకోడు, పోసుకుంటాడు. పైగా మనిషి ఆరడుగులు. అందుకని ఆయన పాత తెల్లకారులో డ్రైవరు సీటుకు సరిగ్గా పైన, లోకప్పుకు అతికించిన బూడిదరంగు గుడ్డమీద, టిఫిను ప్లేటంత నల్లటి మచ్చ ఉండేది. పద్దెనిమిదేళ్ళుగా ఆయన తల రోజూ అక్కడే ఆనేది. ఇంట్లో ఎవరం దాన్ని మచ్చ అనుకునేవాళ్ళం కాదు. స్టీరింగులాగా, హారన్‌లాగా అదీ కారులో ఒక భాగమే అనుకునేవాళ్ళం.

కళ్ళ ఆపరేషన్ అయ్యాక నాన్న కారు నడపడం మానేశాడు. అన్నయ్య అమ్మేద్దామన్నాడు. నాకు కావాలన్నాను. నలభై నాలుగేళ్ళ వయసులో లైసెన్సు తెచ్చుకుని, నడపడానికి కారు లేక, ఆ కార్డును పర్సులో పెట్టుకుని తిరుగుతున్నాను నేను. నాన్న ఇద్దరినీ చూసి, కాశీ ప్రయాణానికి సంచి సర్దుకుంటూనే తీర్పు చెప్పాడు.

"పది రోజుల్లో వస్తాను. అప్పటిదాకా కారు నీ దగ్గరే ఉంచుకో అమ్మడూ. ఇచ్చింది ఇచ్చినట్టు చూపించావా, నీదే. తేడా వచ్చిందా, మీ అన్నయ్య మాటే."

ఏడు రోజులు దాన్ని పసిబిడ్డలా చూసుకున్నాను. ఎనిమిదో రోజున మా వదిన, అంటే అన్నయ్య భార్య, ఫోన్ చేసింది. కూచిపూడి అవతల పల్లెలో ఉన్న మా పెద్దమ్మ కొత్తావకాయ పెట్టిందట, మూడో రోజు తిరగగలపడం కూడా అయిందట, వెళ్ళి తెచ్చుకుందాం పదమంది. కొత్తావకాయ అంటే కాదనే ఆడపిల్ల కృష్ణా జిల్లాలో ఇంకా పుట్టలేదు. వెళ్ళాం.

జాడీని డిక్కీలో పెట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. స్టెప్నీ పక్కన ఆవకాయేమిటి అపచారం కాకపోతే అని, వదిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెనకసీట్లో కూర్చుంది. మూతికి గుడ్డతో గట్టిగా వాసెన కట్టి ఉంది కాబట్టి నేనూ ఊరుకున్నాను. పామర్రు దాటాం. ఉయ్యూరు ఇంకా రాలేదు. అప్పుడు, నాకు కనిపించకుండా, ఆ మహాతల్లి ఉప్పు సరిపోయిందో లేదో చూద్దామని వాసెన విప్పింది. సరిగ్గా అప్పుడే, ఆమెకు కనిపించకుండా, రోడ్డుమీద ఒక స్పీడ్ బ్రేకర్ వచ్చింది. నిజం చెప్పాలంటే నాకూ కనిపించలేదు.

కారు ఎగిరింది. వదిన ఎగిరింది. జాడీ మాత్రం ఆమె చేతుల్లోనే ఉండిపోయింది, అందులో పైకి తేరిన నూనె ఉండలేదు. వెనక్కి తిరిగి చూద్దును కదా, లోకప్పుకు ఎర్రటి నూనె పట్టి, దానికో మామిడిముక్క అతుక్కుని ఉంది. మేం చూస్తుండగానే ఆ ముక్క తీరిగ్గా ఊడి సీటుమీద పడింది.

"ముక్క వృథా కాలేదులే," అంది వదిన, నోట్లో వేసుకుంటూ. "ఉప్పు సరిపోయింది."

తప్పు ఆమెదని నేను, నాదని ఆమె, కంకిపాడు దాకా పోట్లాడుకున్నాం. కంకిపాడు దగ్గర తిలాపాపం తలా పిడికెడు అని ఒప్పందానికి వచ్చాం.

ఇంటికొచ్చి ఫోన్లో ఒక వీడియో చూశాను. అందులో ఒకాయన చాలా నెమ్మదిగా వివరించాడు. కారు లోకప్పు గుడ్డ వెనక పల్చటి స్పాంజి ఉంటుంది, అది జిగురుతో నిలబడి ఉంటుంది, కాబట్టి తడపకూడదు, నురగతో పైపైన అద్ది తుడవాలి. వదిన పూర్తిగా విని పెదవి విరిచింది.

"ఆయనకు ఆవకాయ నూనె సంగతేం తెలుసు? నూనె తలకు పడితే ఏం చేస్తాం? తలంటుకుంటాం. కప్పుకు పడినా అంతే."

ఇందులో తప్పేముందో ఆ క్షణంలో నాకు తోచలేదు. పుట్టినప్పటినుంచీ నూనె వదిలించడానికి మాకు తెలిసిన దారి అదొక్కటే. అన్నయ్య ఊళ్ళో లేడు కాబట్టి, మర్నాడు పొద్దున్నే పటమటలో వాళ్ళ ఇంటిముందు కారు నిలబెట్టి మొదలుపెట్టాం. ముందు శెనగపిండి. నూనె పీల్చుకోవాలని గుప్పెళ్ళతో కప్పుకు రుద్దాం. భూమికి ఆకర్షణ అనేది ఒకటుందని ఇద్దరం మర్చిపోయాం. పిండి, పిండితోపాటు ఆవకాయ కారం, మా మొహాలమీద పడ్డాయి. నేను తుమ్మాను. వదిన తుమ్మింది. నేను తల ఎత్తి తుమ్మేసరికి కప్పుకు ఢీకొట్టుకున్నాను.

తర్వాత కుంకుడుకాయలు. వేడినీళ్ళలో నానబెట్టి, చితక్కొట్టి, చక్కగా నురగ తీసింది వదిన. కప్పుమీద చెంబుతో పోయలేం కాబట్టి మొక్కలకు మందుకొట్టే స్ప్రేయరులో రసం నింపి కొట్టింది. కొట్టిందంతా తిరిగి నా కళ్ళలో పడింది. చిన్నప్పుడు అమ్మ తలంటేటప్పుడు ఎలా అరిచానో అలాగే, అవే మాటలతో అరిచాను. ఎదురింటి పిన్నిగారు గేటు దాకా వచ్చి, ఇద్దరు నడివయసు ఆడవాళ్ళు కారులో వెల్లకిలా పడుకుని కేకలు పెడుతుండడం చూసి, "ఏమైనా సాయం కావాలామ్మా?" అంది. "వద్దండీ, తలంటు పోస్తున్నాం," అంది వదిన. ఎవరికని ఆవిడ అడగలేదు.

ఆవకాయ మరక పోయింది. నిజంగానే పోయింది. కానీ కడిగినచోట గుడ్డ కొత్తగా మెరుస్తూ, మిగతా కప్పంతా ఎంత మురికిగా ఉందో చాటి చెప్పింది. దానికన్నా మరకే నయం. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవడమెందుకని కప్పంతా కడిగేశాం. డ్రైవరు సీటు పైన నాన్న మచ్చ మొండికేసింది. మూడుసార్లు రుద్దితే అదీ పోయింది. ఆ ఉత్సాహంలో ఏం పోగొడుతున్నామో నేను ఆలోచించలేదు.

తలంటు అయ్యాక ధూపం వెయ్యాలిగా. తడివాసన పోవాలని కుంపట్లో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, తలుపులు మూసి కారంతా పొగపెట్టాం. వేసవి ఎండ, లోపల పొగ. మధ్యాహ్నం తలుపు తీసేసరికి వీడియోలో ఆయన చెప్పిందంతా జరిగిపోయింది. జిగురు కరిగి గుడ్డ పెళ్ళిపందిరిలా జారి నడుమ వేలాడుతోంది.

నాకు ఏడుపొచ్చింది. అచ్చంగా ఏడ్చాను. కారు పోయినందుకు కాదు, ఇది తెలిస్తే అన్నయ్య నవ్వే నవ్వు తలుచుకుని. వదిన తన గాజులకున్న పిన్నీసులన్నీ తీసింది. నా గాజులకున్నవీ లాక్కుంది. గుడ్డను పైకి నొక్కిపట్టి, అంచుల వెంట గుచ్చుకుంటూ పోయింది. వెనకసీటు పైన అంచు దగ్గర ఆగింది.

"ఇదిగో, ఇక్కడ ముందే నాలుగున్నాయి. తుప్పు కూడా పట్టాయి. కంపెనీవాళ్ళే పెట్టినట్టున్నారు."

కంపెనీవాళ్ళే పెట్టారంటే మనం పెడితే తప్పేమిటని నాకు కాస్త ధైర్యం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం గన్నవరంలో నాన్న విమానం దిగాడు. వదిన వెనక కూర్చుంది. నాన్న నా పక్కసీట్లో కూర్చుని, తలుపు వేసి, గట్టిగా ఒక్కసారి గాలి పీల్చాడు.

"ఎవరికైనా పురుడు పోశారా ఇందులో?"

"దోమలు మామయ్యగారూ," అంది వదిన.

కొంచెంసేపటికి నాన్న నా తల పైన కప్పుకేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నిడమానూరు దాటాక అడిగాడు.

"నా మచ్చేదే?"

ఇచ్చింది ఇచ్చినట్టు చూపించమన్నాడు కదా, శుభ్రంగా చూపించమనలేదు. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. అప్పటికి బెంజ్ సర్కిల్ వచ్చింది. ఫ్లైఓవరు కింద సిగ్నలు పడితే బ్రేకు కొట్టాను. టప్పుమని ఒక పిన్నీసు ఊడింది. తర్వాత వరసగా టపటపమని మిగతావి. కప్పు గుడ్డ మొత్తం ముందుకు జారి నాన్న తలమీద పడి, ఛాతీ దాకా కప్పేసింది. పక్కన ఆటోలోవాళ్ళు వంగి చూశారు. ముసుగు వేసుకుని కదలకుండా కూర్చున్నాడు నాన్న. తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఎన్ని పిన్నీసులు పెట్టారు?"

"పద్నాలుగు," అన్నాను.

"మీ అమ్మ నాలుగే పెట్టింది."

సిగ్నలు వదిలారు. వెనక హారన్లు. నేను కదల్లేదు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ముందు కూర్చుంటే లేని బ్రేకులన్నీ తనే తొక్కుతుందని నాన్న ఆవిడను ఎప్పుడూ వెనకసీట్లోనే కూర్చోబెట్టేవాడు.

"ఉలవచారు," అన్నాడు ముసుగులోంచి. "కారు కొన్న కొత్తలో, పెళ్ళినుంచి వస్తూ క్యాను మూత విప్పింది, ఎలా ఉందో చూద్దామని. నేను మధ్యాహ్నం పడుకుని లేచేసరికి కారంతా సాంబ్రాణి పొగ. ఎవరికి పురుడు అంటే దోమలంది. అప్పటినుంచీ నాకు తెలియదనే అనుకుంది పాపం."

"మరి అడగలేదేం నాన్నా?"

"అడిగితే మళ్ళీ కడుగుతుందని!"

వెనకసీట్లోంచి వదిన పడీపడీ నవ్వింది. నాన్న కూడా నవ్వాడు, ముసుగు తియ్యకుండానే. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన ముసుగు తియ్యడానికి చాలాసేపు పట్టింది. పటమట వచ్చేదాకా నేను రోడ్డే చూశాను. నాకు కూడా ఏమీ సరిగ్గా కనిపించలేదు.

ఇంటిముందు ఆపాక తాళం ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఉంచుకో. ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది."

సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గర కొత్త గుడ్డ వేయించాను. పని అయ్యాక, తుప్పు పట్టిన ఆ నాలుగు పిన్నీసులనూ వెనకసీటు పైన అంచుకు నేనే గుచ్చాను. అవి దేన్నీ పట్టుకుని లేవు, ఊరికే ఉన్నాయి.

నాన్న ఇప్పుడు నా పక్కన కూర్చుంటాడు, లేని బ్రేకులన్నీ తొక్కుతూ. వెనక కూర్చోమని నేను అనను. ఈమధ్య ఆయన తల పైన, కొత్త గుడ్డమీద, రూపాయి బిళ్ళంత నూనెమచ్చ మొదలైంది. వదిన చూసి కుంకుడుకాయలు నానబెట్టనా అంది. ఏ మచ్చ అన్నాను.