వీడియో తీయరాదు

నాచారం ఎర్రకుంట బస్తీలో హన్మయ్య ఇల్లెక్కడ అంటే ఏ హన్మయ్య అని అడుగుతారు. వీడియో హన్మయ్య అంటే మాత్రం చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్ళి దింపుతారు. భువనగిరి పక్కనున్న పల్లె నుంచి ఫ్యాక్టరీ పనికని వచ్చిన మనిషి, ఆ మిషన్ల మోతకు విసిగిపోయి ఉప్పల్‌లో ఒక ఫొటో స్టూడియోలో లైటు పట్టుకునే పనికి కుదిరాడు. లైటు పట్టిన చేతికి కొన్నాళ్ళకు కెమెరా వచ్చింది. ఆ తర్వాత ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా ఆయన తీయని పెండ్లి లేదంటే అతిశయం కాదు. పంతులు ఆలస్యమైతే ముహూర్తాన్ని అటూ ఇటూ సర్దుకునేవారు గాని, హన్మయ్య రాకపోతే పెండ్లికొడుకు జీలకర్ర బెల్లం చేత్తో పట్టుకుని అట్లాగే కూచునేవాడు.

ఆయనకు ఒక అలవాటు. కెమెరా కంటి దగ్గరికి పోగానే నోరు దానంతటదే "జర నవ్వుండ్రి" అంటుంది. అప్పగింతల దగ్గర బిడ్డను పట్టుకుని గుండెలవిసేలా ఏడుస్తున్న తల్లికి కూడా అదే మాట చెప్పి, ఆడపెండ్లివాళ్ళ చేత కడుపునిండా తిట్లు తిన్నాడు. తిట్లు తిన్నాక భోజనం కూడా అక్కడే తిన్నాడు. అంత నిమ్మళమైన మనిషి.

ఇప్పుడు పెండ్లిళ్ళన్నీ డ్రోన్ల పిల్లలవి. హన్మయ్యకు దాని మీద పెద్ద బాధేమీ లేదు. మోకాళ్ళు నొస్తున్నాయి, బరాత్ ముందు వెనక్కి నడుస్తూ వీడియో తీయడం ఇక తన వల్ల కాదని ఆయనకు తెలుసు. భార్య సారలమ్మ ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసి ఈ మధ్యే మానింది. ఆమెకు షుగరు. ఇన్నేండ్లు గోలీలు డబ్బాల్లో పెట్టాను, ఇప్పుడు నోట్లో పెట్టుకుంటున్నాను అని తన మీద తనే జోకు వేసుకుంటుంది. సొంత గది, చేతిలో ఒక సెల్లు, సాయంత్రం అరుగు మీద నలుగురు మనుషులు. హన్మయ్యకు లోటు లేదు.

లోటల్లా బస్తీ దవాఖానాది. తెరిచే వేళ గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది, తలుపుకేమో తాళం ఉంటుంది. డాక్టరమ్మ సైనిక్‌పురి నుంచి స్కూటర్ మీద వేళకే వచ్చి, పేషెంట్లతో పాటు తనూ మెట్ల దగ్గర నిలబడుతుంది. ఎందుకంటే తాళంచెవి గోపాలరావు జేబులో ఉంటుంది. గోపాలరావు అక్కడి గుమాస్తా. గుంటూరు వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డాడు. చెడ్డవాడేమీ కాదు. ఒకసారి దవాఖానాలో ఫ్యానును దొంగలు ఎత్తుకుపోయారు. ఆ రోజు నుంచి తాళంచెవిని ఎవరి చేతికీ ఇవ్వడు. ఆయన పూజ ముగిసి, టిఫిను ముగిసి, బస్సు దొరికితే అప్పుడు దవాఖానా తెరుచుకుంటుంది. ఈలోగా షిఫ్టు వేళ మించిపోతోందని కొందరు గోలీలు తీసుకోకుండానే ఫ్యాక్టరీకి పరుగెత్తుతారు.

ఒకరోజు సారలమ్మ ఆ మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడింది. పరగడుపున రక్తపరీక్షకని వచ్చి, ఎండెక్కేదాకా ఏమీ తినకుండా కూచుంది మరి. పక్కనున్నవాళ్ళు నీళ్ళు చల్లి లేపి గోడకు ఆనించి కూచోబెట్టారు. హన్మయ్యకు ఒళ్ళు మండింది. ఏం చెయ్యాలో తోచక, తనకు వచ్చిన పని ఒక్కటే కనుక, సెల్లు తీసి తాళాన్ని, గోడ మీది వేళను, లైనులో ఉన్న మనుషులను వీడియో తీసి బస్తీ గ్రూపులో పెట్టాడు.

గ్రూపంతా నవ్వులు. వీడియోలో తాళం వేసిన దవాఖానా ముందు ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని, మగవాళ్ళు మీసాలు దువ్వుకుని, అందరూ హాయిగా నవ్వుతున్నారు. పెండ్లి ఎవరిదన్నా అని ఒకరు అడిగారు, పప్పన్నం ఎప్పుడని ఇంకొకరు. నోటి అలవాటు ఎంత పని చేసిందో హన్మయ్యకు అప్పుడు తెలిసింది.

ఆ గల్లీలోనే ఉండే రిటైర్డు బడిపంతులు సీతారామయ్య మాత్రం నవ్వలేదు. పిలిచి కూచోబెట్టి, ప్రభుత్వ ఆఫీసు జనానిదేనని, అది ఎప్పుడు తెరుస్తున్నారో చూడటం, చూసింది తీయడం మన హక్కేనని చెప్పాడు. కాకపోతే దయచేసి ఎవరినీ నవ్వించొద్దన్నాడు. హక్కు అనే మాట హన్మయ్యకు తెగ నచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరో బయానా ఇస్తే కెమెరా పట్టాడు. పిలవని పేరంటానికి కూడా కెమెరాతో వెళ్ళొచ్చని ఇప్పుడే తెలిసింది.

ఇక ఆగలేదు. రోజూ పొద్దున తాళాన్ని వీడియో తీశాడు. వెలగని వీధి దీపాన్ని తీశాడు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర బండ్లు ఆపి చలాన్లు రాస్తున్న పోలీసులను తీశాడు. సెల్లు ఎత్తగానే ఇద్దరు కానిస్టేబుళ్ళూ టోపీలు సరిచేసుకుని నిటారుగా నిలబడ్డారు. ఆ పూటంతా బండివాళ్ళను మీరు అనే పిలిచారు. ఇదేదో బాగుందే అనుకున్నాడు హన్మయ్య. సారలమ్మ మాత్రం రోజూ దెప్పేది. కొరివితో తల గోక్కుంటున్నావు, పోలీసోళ్ళతో నీకేం పని అని.

అప్పుడు దవాఖానా తలుపు పక్కన కొత్త బోర్డు వెలసింది. నీలం మీద తెల్లటి అక్షరాలు: "ఇచ్చట వీడియోలు తీయరాదు."

కోస్తా వైపు వాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. మా దగ్గర "కూసోరాదు" అంటే కూచోవద్దని కాదు, కాసేపు కూచుంటే ఏం పోయింది అని. వదినగారు "తినరాదు" అన్నదంటే ఇంకో ముద్ద వడ్డించబోతున్నదని అర్థం. దాన్ని నిషేధమనుకుని పస్తు పడుకున్న కొత్తల్లుళ్ళు ఉన్నారని చెప్పుకుంటారు, నిజమెంతో మరి. హన్మయ్య అయితే బతుకంతా ఆ మాట వింటూనే బతికాడు. ప్రతి పెండ్లిలోనూ ఎవరో ఒక ముసలమ్మ చెయ్యి పట్టి లాగి, "హన్మన్నా, మమ్ముల సుత జర తీయరాదు" అనేది. మమ్మల్ని కూడా కాస్త తీయమని. తీయకపోతే అలిగేది.

అందుకని బోర్డు చదవగానే ఆయన ముఖం వెలిగింది. సర్కారుకు తన వీడియోలు చేరాయి! రమ్మని, తీయమని, ఇంత మర్యాదగా పెయింటు వేయించి మరీ పిలుస్తోంది. పెండ్లి వీడియోలో ముందు శుభలేఖను తీసినట్టు, ముందుగా ఆ బోర్డును అటునుంచి ఇటు తీరిగ్గా తీశాడు. తర్వాత సెల్లు అట్లాగే పట్టుకుని లోపలికి నడిచాడు. చెయ్యి చాపి సూది వేయించుకుంటున్న ఒకామెను జర నవ్వమన్నాడు.

ఆమె కెవ్వుమంది. గోపాలరావు పరుగెత్తుకొచ్చాడు. ఆయన బోర్డు చూపిస్తాడు, ఈయన అదే బోర్డు చూపిస్తాడు. ఇద్దరూ ఒకే వాక్యాన్ని వేలెట్టి చూపిస్తూ పోట్లాడుకోవడం చూసి జనం మూగారు. చివరికి గోపాలరావు పోలీసులకు ఫోన్ చేశాడు. పవన్‌కుమార్ అనే కానిస్టేబుల్ వచ్చి ఇద్దరినీ స్టేషన్‌కు తీసుకుపోయాడు.

ఎస్సై హిమజ చిన్న వయసుది, జనగామ వైపు పిల్ల. సెల్లు టేబుల్ మీద పెట్టించుకుని, బోర్డు చదివినావా పెద్దాయనా అని అడిగింది.

"సదివిన మేడం. వీడియోలు తీయరాదు అని రాసిండ్రు. గంత మర్యాదగ అడిగినంక తీయకుంటె మంచిగుంటదా?"

చూశారా ఎంత వెటకారమో అన్నాడు గోపాలరావు. హిమజ గ్లాసు ఎత్తి, మంచినీళ్ళు అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తాగింది. ఆమె అమ్మ ఇప్పటికీ రోజూ ఫోన్‌లో, పెండ్లి చేసుకోరాదు బిడ్డా అనే అంటోంది. తర్వాత గోపాలరావుకు సంగతి విడమరిచి చెప్పింది. ఆయనకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఇల్లు అద్దెకిచ్చిన అన్నపూర్ణమ్మ, చాయ్ తాగరాదు అన్నా అని కప్పు ముందు పెట్టి అనేది. పెట్టడమెందుకు, తాగొద్దనడమెందుకు అని ఆయన ముఖం మాడ్చుకుని లేచిపోయేవాడు. పాపం ఆవిడ మంచిదేనన్నమాట అని ఇప్పుడు మెల్లగా అన్నాడు.

నవ్వు నవ్వే, పని పనే. దవాఖానా లోపల ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళ రోగాలు వాళ్ళ సొంతం, ఆ సూది వేయించుకున్నామె కంప్లైంటు ఇస్తే కేసు రాయక తప్పదని చెప్పింది హిమజ. ఇది హన్మయ్యకు గుచ్చుకుంది. కెవ్వుమన్న ఆవిడ ముఖం గుర్తొచ్చి నిజంగానే సిగ్గుపడ్డాడు. తప్పయిందని ఒప్పుకున్నాడు.

"సరే. ఫోన్‌ల ఉన్నయన్ని తీసెయ్. ఇంక ఏ ఆఫీసు ముందటా వీడియో తియ్యనని నాకు మాటియ్యి. ఇంటికి పో."

హన్మయ్య అటూ ఇటూ లెక్క వేసుకున్నాడు. కాదంటే కేసు. ఈ వయసులో కోర్టు చుట్టూ తిరిగే ఓపిక లేదు. అవునంటే, కెమెరా తప్ప ఇంకే విద్యా రాని మనిషికి ఇక మిగిలేదేమిటి? పైగా ఆయన మాట ఇస్తే మాటే. గోపాలరావు వైపు చూశాడు, పవన్‌కుమార్ వైపు చూశాడు. ఎవరి దగ్గరా సాయం కనపడలేదు. భయమే గెలిచింది. సెల్లు చేతిలోకి తీసుకుని వేలు ముందుకు జరిపాడు.

అప్పుడే సారలమ్మ వచ్చింది. ఎవరో చెబితే చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చి, గుమ్మంలోనే హిమజ మాటలు వింది. ఇంకేముంది, నేను ముందే చెప్పలేదా అని అందరి ముందూ కడిగేస్తుందని హన్మయ్య తల దించుకున్నాడు. ఆమె ఆయన వైపే చూడలేదు.

"మేడం, లోపట తీసింది తప్పే. అది తీసెయ్యమనుండ్రి. బయటిది ఉంచుండ్రి. ఊర్ల అందరి పెండ్లిళ్ళు తీసిండు ఈయన. మా పెండ్లి నాటికి ఈయన చేతుల కెమెరా లేకుండె. అటెనుక నన్ను తీసింది లేదు. గా ఫోన్‌ల నేనున్న మేడం, దవాఖానా మెట్ల మీద. నాదని ఉన్నది గదొక్కటే."

 హిమజ సెల్లు అడిగి తీసుకుని చూసింది. తాళం. గోడ మీద వేళ. లైనంతా నవ్వుతూనే ఉంది. చివర్న ఒక ఆడమనిషి మాత్రం నవ్వడం లేదు. తల గోడకు ఆనించి, తడిసిన ముఖంతో తాళం వైపు చూస్తోంది. హిమజ ఆ ముక్కను మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. తర్వాత సెల్లును గోపాలరావు ముందు పెట్టింది.  ఆయన చూశాడు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది మేడం అని తనే చెప్పాడు.

లోపలి వీడియో తీసేయించింది హిమజ. బయటివి ఉంచుకోమంది. మాట సంగతి ఇక ఎత్తలేదు. "రోడ్డు మీద నిలబడి తాళాన్ని తీస్తే నిన్ను నేనెందుకు ఆపుత పెద్దాయనా" అంది. తర్వాత గోపాలరావును, ఇంకో తాళంచెవి చేయించి డాక్టరమ్మకు ఇవ్వమంది.

తర్వాత సంగతి కూడా చెప్పేస్తాను. దవాఖానా ఇప్పుడు వేళకే తెరుచుకుంటోంది. బోర్డు మీద "తీయవద్దు" అని మార్పించారు. గోపాలరావు ఎవరైనా చాయ్ తాగరాదు అంటే కాదనకుండా తాగుతున్నాడు. హన్మయ్య పొద్దున్నే వెళ్ళి రోడ్డవతల నిలబడి, తెరిచిన తలుపును కూడా వీడియో తీస్తాడు. మంచిని కూడా తీయాలి కదా అంటాడు.

ఆ రోజు మధ్యాహ్నం స్టేషన్ బయట మాత్రం ఆయన సారలమ్మకు రెండడుగులు వెనకే నడిచాడు. సెల్లు తిరిగొచ్చిందన్న సంతోషం ఉంది, దాని వెనకే ఇంకేదో ఉంది. ఆటో స్టాండు దాకా నడిచాక ఆగాడు.

"ఇన్నేండ్లల్ల ఒక్కపారి సుత నోరు తెరిసి అడగకపోతివి" అన్నాడు.

"అడిగినోళ్ళనందర్ని తీసినవ్" అంది సారలమ్మ. "అడగకుంటె సుత తీస్తవేమోనని సూసిన."

 హన్మయ్య ఫుట్‌పాత్ మీదే నిలబడి సెల్లు తీశాడు. వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసి, భార్యను భుజం పట్టుకుని కాస్త పక్కకు జరిపాడు. ఆటోవాళ్ళు తొంగి తొంగి చూస్తున్నారు. సారలమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని, గోలీలు వేసుకునే వేళయింది, జల్ది తియ్యమంది.

హన్మయ్య తొందరపడలేదు.