అక్క చేసిన చుక్కల జడబిళ్ళ

సూర్యాపేటలో మా ఇంటి ముందుగదే నాయిన వెండిపని చేసే చోటు. ఒక కుంపటి, వెండిని పెట్టి కొట్టే దాగలి, నాలుగైదు సుత్తులు, ఊదుగొట్టం. చుట్టుపక్కల పల్లెలకు పట్టీలు, మెట్టెలు, కడియాలు చేసిచ్చేవాడు. ఎనభైల మధ్యలో ఆయన చూపు మందగించింది. అమ్మ అప్పటికే లేదు. సన్నపని ఆగిపోతుంటే ఒకరోజు అక్క ఎవరికీ చెప్పకుండా వచ్చి పీట మీద కూర్చుని, ఊదుగొట్టం నోట పెట్టుకుంది. ఆమెకు పదహారేళ్ళు.

"ఆడపిల్లవు, మూతి కాలుతది" అన్నాడు నాయిన.

"కాలితె కాలనీ. నువ్వు సెప్పు, నేను జేస్త."

రెండు మూడేళ్ళలో ఆమె పని నాయిన పనికంటే సన్నబడింది.

చలికాలం బువ్వ తిన్నాక అక్కా నేనూ ఒకే దుప్పటి కప్పుకుని డాబా మెట్ల మీద కూర్చునేవాళ్ళం. కరెంటు పోతే నెత్తి మీదే పిల్లలకోడి కనబడేది. ఒకచోట ముసిరిన చిన్న చిన్న చుక్కలు. ఏడున్నాయని అక్క, ఆరేనని నేను. ఒకరోజు పొద్దున్నే ఆమె వెండితీగె ముక్కలు కత్తిరించి బొగ్గు మీద పెట్టి ఊదింది. ఒక్కో ముక్కా కరిగి, తనంతట తానే ముడుచుకుని, ఆవగింజంత గుండు అయింది. అలాంటివి ఏడు ఒక గుండ్రటి బిళ్ళ మీద అతికింది. పక్కన గోరంత నెలవంక పెట్టింది. తర్వాత గంధకం కాల్చి, ఆ పొగలో బిళ్ళంతా నల్లబరిచింది.

నాయినకు అర్థం కాలేదు. "వెండి నల్లబడితె మంది తోముకుంటరు. నువ్వు కావాలని నల్లగ జేస్తున్నవేందే?"

"తెల్లటి ఆకాశంల సుక్కలు యాడ కనవడ్తయి నాయినా?"

గుండ్లనూ నెలవంకనూ మాత్రం చింతపండు అద్దిన గుడ్డతో రుద్దింది. అవి మెరిశాయి. నాయిన ఆ బిళ్ళను కంటికి ఆనేంత దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. "గిది అమ్మేది గాదు. నీ జడలనే వెట్టుకో" అన్నాడు.

ఆ జడబిళ్ళతోనే అక్క పెళ్ళయి కోదాడ వెళ్ళింది. మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు చూస్తే బిళ్ళంతా తెల్లగా తళతళలాడుతోంది.

"మా అత్తమ్మ చింతపండు వెట్టి తోమింది. మురికనుకున్నది పాపం" అని నవ్వింది అక్క. ఇద్దరం కలిసి మళ్ళీ గంధకం కాల్చాం. తిరిగి వెళ్ళేటప్పుడు దాన్ని నా చేతిలో పెట్టింది. "గాడ ఉంటె మల్ల తోముతది. నీ దగ్గరుంచు చెల్లే. వచ్చినప్పుడు వెట్టుకుంట."

మళ్ళీ పెట్టుకోలేదు. ఏడో నెల కడుపుతో ఉండగా పచ్చకామెర్లు వచ్చాయి. సూర్యాపేట దవాఖానకు తెచ్చేసరికే ముదిరాయి. గోళ్ళు కూడా పసుపుపచ్చగా ఉన్నాయి. మూడురోజులూ "ఇంటికి వోదాం" అన్న మాట తప్ప ఇంకోటి అనలేదు. నాలుగోరోజు పొద్దున పోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను.

దినాలయ్యాక అక్క అత్తగారు వస్తున్నారని కబురొచ్చింది. బిళ్ళ అడుగుతారేమోనని నాకు భయం వేసింది. కరిగించడానికి పెట్టిన పాతవెండి డబ్బాలో, అరిగిపోయిన మెట్టెల అడుగున దాచాను. ఆవిడ ఏమీ అడగలేదు. అక్క చీరలు తెచ్చిచ్చి, నన్ను పట్టుకుని ఏడ్చి వెళ్ళిపోయింది. ఆ ఏడుపులో నేను బిళ్ళ సంగతి మరిచిపోయాను.

వారం తర్వాత కాలేజీ నుంచి వచ్చేసరికి కుంపటి ఇంకా వెచ్చగా ఉంది. డబ్బా ఖాళీగా ఉంది.

"నాయినా, గిండ్ల పాతవెండి ఏది?"

"కరిగిచ్చిన బిడ్డా. మునగాలోళ్ళ పెండ్లి ఉన్నది గదా, పట్టీలకు."

పాతవెండి అంతా నల్లగానే ఉంటుంది. అక్క బిళ్ళా నల్లగానే ఉండేది. ఆయన కళ్ళకు తేడా ఎలా తెలుస్తుంది? ఖాళీ డబ్బాకు మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకు ఆయనే అడిగాడు. "అక్క బిళ్ళ నీ దగ్గరున్నది గదా. జర ఇయ్యి, చేతుల వట్టుకుంట."

"వాళ్ళ అత్తమ్మ తీసుకపోయింది" అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ అబద్ధం.

ఆయన మర్నాడే కోదాడ బస్సెక్కాడు. ఒక్కసారి చూసి ఇస్తానని అడగడానికి. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

"'నేను తీసుకెళ్ళలేదు అన్నయ్యగారూ' అని ఒట్టు వెట్టుకున్నదామె. నేను నమ్మలే. నోటికొచ్చినట్లు అన్న" అన్నాడు.

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన కోప్పడలేదు. తన అరచేతులు ముందుకు చాపి చూసుకున్నాడు.

"ఆ రోజు వెండి కరిగిచ్చే మూసల ఏదో ఒక్కటి జల్ది కరుగలే" అన్నాడు. "వెలిగారం తక్కువైందనుకొని ఇంకింత ఏసిన. ఇంకింత ఊదిన."

మర్నాడు మళ్ళీ కోదాడ వెళ్ళాడు, ఆవిడకు క్షమాపణ చెప్పుకోవడానికి. వచ్చాక కుంపటి ముట్టించలేదు. ఒప్పుకున్న పనులన్నీ పక్కవీధి ఆయనకు అప్పగించాడు.

నేనొక్కదాన్నే మునగాల వెళ్ళాను. ఆ పట్టీలు తిరిగి అడుగుదామని. ఇంకో జత చేయించి ఇస్తామని చెబుదామనుకున్నాను. ఇల్లు దొరికింది. కొత్త పెళ్ళికూతురు వాకిట్లో ఎండబోసిన వడ్లు నేర్పుతోంది. నా ఈడుదే. పాదాలతో వడ్లను దున్నుతున్నట్టు నడుస్తుంటే పట్టీలు మోగుతున్నాయి.

"ఎవరు గావాలె అక్కా?"

"మంచినీళ్ళు" అన్నాను.

లోపలికి పోయి చెంబుతో తెచ్చింది. తాగినంతసేపూ ఆమె కాళ్ళ వంకే చూశాను. మామూలు పట్టీలు. ఎక్కడా ఏ గుర్తూ లేదు. "పట్టీలు బాగున్నయి" అంటే సిగ్గుపడి చీర కొంచెం పైకెత్తి చూపించింది. "సూర్యాపేటల జేయించిన్రు. అత్తగారింట్ల అందరికీ నచ్చినయి."

చెంబు ఇచ్చేసి రోడ్డు మీదికి వచ్చాను.

మరుసటేడు పెళ్ళయి మిర్యాలగూడ వచ్చాను. నాయిన చివరి రెండేళ్ళూ మా దగ్గరే ఉన్నాడు. మునగాల వెళ్ళిన సంగతి ఆయనకు చెప్పలేదు.