పలుకని ట్యూనరు

నా చిన్నప్పుడు మా మేనమామ ఇంట్లో ఉన్నాడంటే నిశ్శబ్దానికి తావుండేది కాదు. ఇబ్రహీంపట్నంలో అమ్మమ్మ ఇంట్లోనే మేమూ ఉండేవాళ్ళం. హైదరాబాదు నగరం నలువైపులా విస్తరిస్తూ, తుర్కయాంజాల్ పక్క చేలలో ప్లాట్ల హద్దురాళ్ళు మొలుస్తున్న కాలమది. మామయ్య ప్రొద్దున్నే బస్సెక్కి, నగరంలో రేడియోలు తయారుచేసే కర్మాగారానికి వెళ్ళేవాడు. తిరిగివచ్చి గడపలో కాలు పెట్టకముందే కండక్టరును అనుకరిస్తూ కేక వేసేవాడు: "దిగుండ్రి, దిగుండ్రి! అవ్వ బువ్వకాడ స్టాపు!" అమ్మమ్మ "నోరు మూయరా" అని కసిరేది గాని, ఆ కేక ఆలస్యమైతే అరుగు మీదికి వచ్చి నిలబడేది.

ఆ గొంతులోనే వ్యాధి పుట్టింది. నగరంలోని దవాఖానలో శస్త్రచికిత్స చేసి, ప్రాణం నిలపడానికి స్వరపేటికను తొలగించారు. మెడకు తెల్లని గుడ్డ చుట్టుకొని ఇంటికి వచ్చిన మామయ్య పెదవులు కదిలేవి, మాట మాత్రం వెలువడేది కాదు.

ఆ తరువాత మా ఇంట ఒక వింత అలవాటు ఏర్పడింది. ఎవరూ తలపెట్టి చేసినది కాదు. పలుకలేనివాడు వినలేడన్న భ్రమ అందరి మనసుల్లో ఎట్లాగో నాటుకొన్నది. అమ్మమ్మ ఆయన చెవి దగ్గరకు వంగి, "బువ్వ తింటవారా?" అని వీధి చివరిదాకా వినిపించేటట్లు అరిచేది. పక్కింటి పెద్దమ్మ ఒక్కొక్క అక్షరం విడదీసి, చేతులు త్రిప్పుతూ మాట్లాడేది. ఆయనతో పని లేనప్పుడు ఆయన మంచం పక్కనే కూర్చొని ఆయన గురించే చెప్పుకొనేవారు.

"పెయ్యంత గుంజుకపోయింది, బొక్కలు తేలినయి. వానకాలం దాక ఉంటడా?" అనేది పెద్దమ్మ.

"డాక్టరు ఏం చెప్పలే అక్కా. తలకాయ అడ్డంగ ఊపిండు, గంతే," అనేది మా అమ్మ.

మామయ్య గోడవైపు తిరిగి పడుకొనేవాడు. నిద్రపోయాడనుకొనేవారు. గోడకు ఆనుకొని ఆడుకొనే నాకు తెరచి ఉన్న ఆయన కన్నులు కనిపించేవి.

ఆయన తలదాపున పలక ఉండేది. నీళ్ళనీ గంజి అనీ దానిమీద వ్రాసేవాడు. 'నాకు వినబడుతున్నది' అని ఒక్కమాట ఎందుకు వ్రాయలేదా అని తరువాత ఎంతో ఆలోచించాను. అమ్మమ్మకు చదువు రాదు. అమ్మ చేత చదివించాలి. అది కన్నతల్లినీ తోబుట్టువునూ ఒక్కసారే తప్పుపట్టడం అవుతుంది. అంత మాట అనలేకనే ఆయన వేరొక ఉపాయం వెదుకుకొన్నాడని నాకిప్పుడు తోస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన తన స్టీరియోను ముందుగదిలోకి తెప్పించాడు. జబ్బుపడకముందు ఒక్కొక్కటిగా సమకూర్చుకొన్నది: స్టేషనును పట్టుకొనే ట్యూనరు, ధ్వనిని పెంచే ఆంప్లిఫయరు, రెండు స్పీకరు పెట్టెలు. మా నాన్నచేత మిద్దె మీద రెండు వెదురుగడల నడుమ ఏరియలుగా రాగితీగ కట్టించి, దాని కొసను కిటికీ గుండా దింపి ట్యూనరు వెనుక బిగించాడు. ఎర్తు కోసం ఇంకొక తీగ నీళ్ళ గోలెం పక్కన తడినేలలో దిగవేసిన ఇనుపగొట్టానికి చేరింది. స్పీకర్లను ఆంప్లిఫయరుకు కలిపాడు. ట్యూనరుకూ ఆంప్లిఫయరుకూ నడుమ ఉండవలసిన తీగను మాత్రం నా చేతికిచ్చి, పట్టుకొమ్మని సైగ చేశాడు.

అందరూ వచ్చి కూర్చున్నారు. ట్యూనరులో దీపం వెలిగింది. గుండీ త్రిప్పుతుంటే స్టేషను దొరికినచోట అద్దం వెనుక చిన్న సూది లేచి నిలబడుతున్నది, దాటగానే వాలిపోతున్నది. శబ్దం మాత్రం లేదు.

"మూలకు పడ్డది గదా, ఖరాబైనట్టుంది," అంది పెద్దమ్మ.

అమ్మమ్మ అలవాటుగా ఆయన చెవిలో అరిచింది: "పలుకుత లేదు కొడుకా!"

మామయ్య నవ్వి, ఆమె వేలిని పట్టుకొని సూది ఉన్నచోట అద్దానికి ఆనించాడు. గుండీ త్రిప్పాడు. సూది లేచింది.

"గిది ఆడుతనే ఉన్నది మల్ల," అంది అమ్మమ్మ.

అప్పుడు నా వైపు చూశాడు. ఆయన చూపినట్లే ఎరుపును ఎరుపులో, తెలుపును తెలుపులో గుచ్చాను. వానల గురించి ఎవరో చెబుతున్న మాట, వాక్యం నడుమ నుంచి, గదిని నింపింది. తీయమని సైగ చేశాడు. మాట తెగిపోయింది, సూది మాత్రం నిలిచే ఉంది. మళ్ళీ పెట్టమని చూపాడు. అప్పటికి ప్రసంగం వేరుసెనగ విత్తనాల దాకా నడిచింది. మేము వినని ఆ కాసేపూ ట్యూనరు అంతా అందుకొంటూనే ఉన్నదన్నమాట.

తీగను మళ్ళీ ఊడదీసి, ఒక కొసను తన మెడగుడ్డకు ఆనించి, రెండవ కొసను గాలిలో వేలాడనిచ్చాడు. తరువాత తన చెవిని తాకి, సూదిని చూపాడు.

అమ్మమ్మ సూదినీ ఆయన చెవినీ మార్చి మార్చి చూసింది. ఆయన దవాఖాన నుంచి వచ్చాక తొలిసారి అరవకుండా అడిగింది: "అన్ని ఇన్నవా కొడుకా?"

ఆయన తల ఊపాడు.

"వానకాలం మాట గూడ?"

పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొన్నది. మా అమ్మ లేచి, వంటింటి గడప దగ్గరే కూలబడింది. మామయ్య ఎవరి ముఖమూ చూడలేదు. తీగను తానే కలిపి, శబ్దం బాగా పెంచాడు. వేరుసెనగ సాగు చాటున మా ఇంటి ఏడుపు వీధికి వినబడలేదు.

మరునాడు పెద్దమ్మ వచ్చి, "నా నోట్ల మన్ను వడ! తిట్టురా, పెదాలతోనన్న తిట్టు," అని మంచం పట్టెమీద కూర్చొన్నది. ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. "గింతగనమా!" అని ఆమె కన్నీళ్ళతోనే నవ్వింది. అప్పటినుంచి ఇల్లంతా ఆయనతో మాట్లాడింది. అమ్మమ్మ బియ్యం ఏరుతూ ఊరి సంగతులన్నీ చెప్పి, ఆయన పెదవులు చూసి జవాబు చదువుకొనేది.

వానకాలం రానేలేదు. ఆయన కన్నులు తెరవని ఆ చివరి దినాన, చూడవచ్చిన బంధువులు ఎవరెవరికి కబురు పంపాలో మంచం చుట్టూ నిలబడి మాట్లాడబోయారు. అమ్మమ్మ చేయెత్తి, "నా కొడుకు అన్ని ఇంటుండు. బయటికి నడువుండ్రి," అంది. అందరూ వెళ్ళాక ఆయన చెవి దగ్గరకు వంగి, ఎంతో మెల్లగా, "దిగకు కొడుకా, స్టాపు ఇంక రాలే," అంది.

ఇప్పుడు మా ఇంట్లో నా భర్త పక్షవాతంతో మాట పోయి మంచాన ఉన్నారు. చూడవచ్చినవారు ఆయన ఎదుటనే నన్ను, "ఎట్లున్నడు?" అని అడుగుతారు. "ఆయననే అడుగుండ్రి," అంటాను. వారు తడబడి, ఆయన మీదికి వంగి, గొంతు పెంచుతారు.

"మెల్లగ," అంటాను.